చెల్లెను అడగకుండ రాసిన మూడు లైన్లు

ట్రైనింగుకు నా పేరు పెట్టిండ్రని తెలిసిన రోజు నాకు మస్తు కోపమొచ్చింది. ఓపెన్‌కాస్టు బొగ్గుబాయిల రెండు డంపర్లు ఆగి ఉన్నయి. వాటి సామాను కోసం మెకానిక్కులు పొద్దుగాలటి నుంచి మా కౌంటర్ ముంగట నిలవడి ఉన్నరు. నేను వర్క్‌షాపు స్టోర్‌కు ఇంచార్జిని. బేరింగులు, బెల్టులు, హోస్ పైపులు, ఆయిల్ సీళ్లు, అన్నీ మా దగ్గర్నుంచే పోవాలె. గసుంటప్పుడు రెండు దినాలు పని ఇడిచిపెట్టి గోదావరిఖని ట్రైనింగ్ సెంటర్ల కూసోవాల్నట.

సంగతేందని అడిగితే మా సార్ చెప్పిండు. "వికలాంగులైన ఉద్యోగులను పనిల ఎట్ల కలుపుకోవాల్నో ఇంచార్జీలకు నేర్పిస్తరట."

"మా సెక్షన్ల ఏం తక్లీఫ్ లేదు సార్. ఉన్నది ఒక్క పిల్ల. ఆమెను మంచిగనే చూసుకుంటున్నం" అన్న నేను.

"ఆ పిల్ల ఉన్నదనే నీ పేరు పెట్టిన" అన్నడు.

ఆ పిల్లకు ఇరవై ఆరేండ్లుంటయి. పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. వాళ్ల నాయిన బాయిల పనిచేసి ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి ఈమెకు వచ్చింది. డిగ్రీ చదివింది. రామకృష్ణాపూర్ నుంచి రోజు బస్సుల గోదావరి దాటి వచ్చేది. మాతోని ఫోన్ల తెలుగుల టైపు చేసి మాట్లాడేది. మా కన్న జల్ది టైపు చేసేది.

వచ్చిన మొదటి వారమే కిటికీ పక్కన ఒక టేబులు, కుర్చీ ఏసి ఇచ్చిన. వచ్చిన ఉత్తరాలు రిజిస్టర్ల ఎక్కియ్యాలె, జిరాక్సులు తియ్యాలె. గంతే పని. దినానికి నాలుగైదు ఉత్తరాలు వచ్చేటియి. పదింటికల్లా ఆమె పని అయిపోయేది. తర్వాత ఐదు దాక అట్లనే కూసునేది. చిత్తుకాగితాల మీద గీతలు గీసేది. పెన్ను తిప్పేది. లేచి నీళ్లు తాగొచ్చేది, మల్ల లేచేది. టేబులు కింద ఆమె కాలు ఆడుతనే ఉండేది. నడుమ నడుమ అందరికీ చాయ్ తెచ్చిచ్చేది. "పాపం, నిమ్మలంగ కూసున్నది" అనుకునేటోళ్లం మేము.

ఒకరోజు ఫోన్ నా ముంగట పెట్టింది. "అక్కా, నన్ను కౌంటర్ మీద వెయ్యి. సామాను పేర్లు, నంబర్లు నేర్చుకున్న" అని ఉన్నది.

చూద్దాం చెల్లె అన్నట్టు తలకాయ ఊపిన. ఆమె ఊకోలే. సార్ పేరు మీద దరఖాస్తు రాసిచ్చింది. సార్ దాన్ని నా అభిప్రాయం కోసం నా దగ్గరికే పంపిండు.

ఆ వారంలనే ఒకటి జరిగింది. స్టోర్ వెనక యార్డుల ఫోర్క్‌లిఫ్టు తిరుగుతది. ఆమె ఏదో కాగితం పట్టుకొని యార్డు మూల మలుగుతున్నది. వెనక నుంచి ఫోర్క్‌లిఫ్టు హారన్ కొట్టుకుంట వస్తున్నది. నేను తలుపు కాడ ఉన్న. ఒర్రిన. నా ఒర్రుడు ఆమెకు ఎట్ల వినపడతది? బండి జానెడు దూరంల ఆగింది. ఆమె గాలి తగిలినట్టు వెనక్కి తిరిగి చూసి, పక్కకు జరిగి, లోపలికి వచ్చింది. మా ఆయన బాయిలనే పోయిండు. బండ్లు, ఇనుము, మనిషి శరీరం ఒక్కకాడికి వస్తే ఏమైతదో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

ఆ బుగులుతోనే కూసోని ఫైల్ల మూడు లైన్లు రాసిన. వినికిడి లేదు, యార్డుల ప్రమాదం ఉన్నది, కాబట్టి కౌంటర్ పనికి నాట్ సూటబుల్. సంతకం పెట్టిన. సార్ దాని కింద సంతకం పెట్టిండు. అయిపోయింది.

ఆమెకు చెప్పలే. నెల తర్వాత ఆమె అడిగితే వేలుతోని పైకి చూపించిన, పైనుంచి ఇంకా రాలే అన్నట్టు. మల్ల అడిగితే మల్ల అట్లనే చూపించిన. మూడోసారి ఆమె అడగలే.

ఇట్ల ఏడాది మీద ఆర్నెల్లు గడిచినంక వచ్చింది ఆ ట్రైనింగు.

ముప్పై మంది దాక ఉన్నం. అందరం ఇంచార్జీలం, ఫోర్‌మన్లం. సగం మంది ఫోన్లు చూసుకుంటున్నరు. నేను గూడ స్టోర్‌కు ఫోన్ చేస్తున్న, డంపర్లకు కావాల్సిన హోస్ పైపు వచ్చిందా రాలేదా అని. నేర్పేటాయన నలభై ఏండ్ల మనిషి, ఆయనకు గూడ వినపడదు. సైగలతోని చెప్తున్నడు. పక్కన ఒక అమ్మ నిలవడి ఆయన సైగలను తెలుగుల చెప్తున్నది. నేను ఒక సందేహం అడిగిన. "మా దగ్గర మిషన్లు ఉంటయి, వినపడకుంటే ప్రమాదం గదా, ఆయన ఏమంటడో అడుగమ్మా" అన్న ఆమెతోని.

ఆయన చెయ్యి లేపి ఆగమన్నడు. నవ్వుకుంటనే సైగ చేసిండు. ఆ అమ్మ దాన్ని మాటల్ల పెట్టింది. "నన్నే అడుగు. నేను ఇక్కడనే ఉన్న. పొద్దుగాల నుంచి నువ్వు నా మొఖం ఒక్కసారి సుత చూడలే."

అందరు నవ్విండ్రు. నాకు మొఖం కాలినట్టయింది.

మధ్యాహ్నం అన్నాలు తిన్నంక అందరికీ ఒక కాగితం ఇచ్చిండు. "మీ సెక్షన్ల ఉన్న వికలాంగ ఉద్యోగి నిన్న ఏమేం పని చేసిండో గంట గంటకు రాయున్రి" అన్నడు. నేను రాసుడు మొదలువెట్టిన. తొమ్మిదింటికి హాజరు. తొమ్మిదిన్నరకు ఉత్తరాలు. పదింటికి... పది కాడ పెన్ను ఆగింది. పదకొండు, పన్నెండు, రెండు, మూడు అన్ని గళ్లు ఖాళీ. చాయ్ అని రాద్దామనుకున్న. చాయ్ తెచ్చుడు నేను ఆమెకు చెప్పిన పని గూడ కాదు, ఊకె కూసోలేక ఆమెనే పెట్టుకున్నది.

ఆయన కుర్చీల నడుమ తిరుగుకుంట నా కాడికి వచ్చిండు. కాగితం చూసిండు. పెన్సిల్ తీసి అంచుకు రాసిండు, "ఆమె ఏం పని అడిగింది?"

"కౌంటర్" అని రాసిన.

"ఎవరు వద్దన్నరు?"

నేను కాగితం మలిచి పట్టుకున్న. ఆయన వేరేటోళ్ల కాడికి పోయిండు. తిడితే బాగుండు అనిపించింది. మిగిలిన పొద్దంత ఏం చెప్పిండ్రో నాకు ఎక్కలే.

సాయంత్రం ఇంటికొచ్చిన. మా అత్త చేట ముంగటేసుకొని బీడీలు చుడుతున్నది. నేను వాకిట్ల నుంచి వంటింట్లకు, వంటింట్ల నుంచి వాకిట్లకు తిరుగుతున్న. పప్పు పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన. అది మాడిన వాసన వస్తే అత్తనే లేచి దించింది.

"ఏందే, గట్ల కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?"

చెప్పిన. ఆ పిల్ల అడిగింది, నేను రాసింది, ఆమెకు చెప్పంది, మొత్తం చెప్పిన.

అత్త ఆకు కత్తిరించుకుంటనే విన్నది. "నువ్వు నౌకరిల చేరినప్పుడు నిన్ను గూడ గట్లనే కూసోవెట్టిండ్రు గదా" అన్నది. "మొగడు పోయిన పిల్ల, కూసోనియ్యున్రి అన్నరు. నువ్వు ఇంటికొచ్చి గోడకు తలకాయ కొట్టుకున్నవ్. ఇంకొక్క నెల గిట్ల కూసుంటే పిచ్చి లేస్తది అత్తా అన్నవ్. యాదికి లేదా?"

యాదికి ఉన్నది. కానీ ఆ సంగతి, ఈ సంగతి ఒక్కటే అని ఎన్నడూ అనిపియ్యలే. నాకు చెవులున్నయి, ఆమెకు లేవు, కాబట్టి వేరు అనుకున్న.

రెండో రోజు ట్రైనింగ్ అయినంక సక్కగ స్టోర్‌కే పోయిన. ముందుగాల ఫోర్క్‌లిఫ్టు నడిపే చాచాను పిలిచిన. ఇంకో రెండేండ్లల్ల నౌకరి దిగిపోయేటాయన. వినపడని పిల్ల యార్డుల తిరగాల్నంటే ఏం చెయ్యాల్నో అడుగుదామని. ఆనాటి సంగతి తీసిన.

చాచా టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. "ఆ రోజు తప్పు నాది బేటీ" అన్నడు. "మూల కాడ బండి ఆపి, చూసి మలుపాలె. నేను హారన్ కొట్టుకుంట వచ్చేసిన. చెవులున్నోడు గూడ బేరింగు డబ్బా మోసుకుంట వస్తే బండి కింద పడుతుండె. మల్ల నా మీద నువ్వు ఏం రాయలే ఎందుకు?"

"నువ్వు అప్పుడే చెప్పాలె గదా చాచా."

"నువ్వు అడగాలె గదా. నన్ను అడగలే, ఆ పిల్లను అడగలే."

ఆనాడు నేను తలుపు కాడ నిలవడి చూసింది నాకు అచ్చం కనపడుతున్నది. మూల కాడ బండి ఆగలే, అట్లనే మలిగింది. కండ్లతోని చూసిన. చూసి గూడ నేను ఆ పిల్ల పేరే రాసిన.

ఆమె కిటికీ పక్కన కూసోని ఉన్నది. టైం నాలుగయింది. ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగు అయింది, కిటికీ అద్దాలు గలగలమన్నయి. ఆమె టేబులు మీద అరచెయ్యి పెట్టి తలకాయ లేపింది. నేను ఎదురుగ కుర్చీ గుంజుకొని కూసున్న. నోటితోని చెప్పేది అయితే ఎన్ని వంకర్లు తిప్పి చెప్పేదాన్నో. ఫోన్ల రాయాలె కాబట్టి సక్కగ రాయాల్సొచ్చింది. "కౌంటర్ పనికి నువ్వు పనికిరావని ఫైల్ల రాసింది పైవాళ్లు కాదు. నేనే. నీకు అబద్ధం చెప్పిన."

ఆమె చదివింది. మల్ల చదివింది. ఫోన్ తీసుకొని టైపు చేసింది, కొట్టేసింది, మల్ల టైపు చేసింది. ఆ చేతులు ఆడుడు చూసుకుంట కూసున్న. చివరికి ఫోన్ నా దిక్కు తిప్పింది.

"నేను పైవాళ్లు అనుకున్న. వాళ్ల మీదనే కోపం పెట్టుకున్న. నీకు రోజు చాయ్ తెచ్చిచ్చిన."

టేబులు సొరుగు గుంజి ఒక లావు నోటుబుక్కు తీసి నా ముంగట పడేసింది. తెరిచి చూసిన. చిత్తుకాగితాల మీద ఆమె గీసే గీతలు ఈ బుక్కుల పద్ధతిగ ఉన్నయి. మా స్టోర్ల ఉన్న అన్ని ర్యాకులు. ఏ ర్యాకుల ఏ వరుస, ఏ గడిల ఏ సామాను. పక్కన సామాను బొమ్మ, పుస్తకంల ఉన్న పేరు, మెకానిక్కులు నోటితోని పిలిచే పేరు. ఆ నోటి పేర్లు ఆమెకు ఎట్ల తెలిసినయో నాకు తెల్వదు. తర్వాత చెప్పింది, చాయ్ ఇయ్యపోయినప్పుడు ఒక్కొక్కరిని ఒక్కొక్కటి రాసిమ్మని అడిగిందట. ఏడాదిన్నర నా కండ్ల ముంగటనే ఇది జరిగింది.

"సారీ చెల్లె" అని టైపు చేయబోయిన. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది. తను రాసింది. "మల్ల రాయి. నా ముంగట రాయి."

అప్పుడే కాగితం తీసిన. కష్టపడే పిల్ల అని, మానవతా దృక్పథంతోని ఒక అవకాశం ఇయ్యాల్నని రాసిన. ఆమె నా చేతుల నుంచి పెన్ను గుంజుకొని 'మానవతా దృక్పథం' మీద గీత కొట్టింది. 'కష్టపడే' మీద గూడ కొట్టింది. పక్కన రాసింది. "పని వచ్చు అని రాయి. రాకుంటే రాదని రాయి."

పని వచ్చు అని రాసిన. యార్డుల ఏమేం మార్చాల్నో కింద రాసిన. పాత నోటు రాసేటప్పుడు ఆమెను అడగలేదని, ఆనాటి ప్రమాదంల ఆమె తప్పు లేదని గూడ రాసిన. ఆ లైను నా పాత సంతకాన్ని నేనే కొట్టేసుకున్నట్టు ఉండె.

సార్ కాడికి ఇద్దరం పోయినం. సార్ చదివి కండ్లద్దాలు తీసిండు. "రేపు ఏమన్న అయితే ఎవరు జిమ్మెదారి?" అని నన్ను అడిగిండు.

"మిగతా వాళ్లకు ఏమన్న అయితే ఎవరో వాళ్లే సార్."

సార్‌కు ఆ జవాబు నచ్చలే. నాలుగు రోజులు ఫైలు ఆయన టేబులు మీదనే ఉన్నది. నేను రోజు పోయి నిలవడేదాన్ని. ఐదో రోజు ఒక నెల పెట్టి చూడున్రి అని రాసిండు. చాచా ఎలక్ట్రీషన్‌ను పట్టుకొని బండి మీద తిరిగే నీలం లైటు పెట్టించుకున్నడు. యార్డు మూలకు రోడ్డు మలుపుల పెట్టే గుండ్రటి అద్దం పెట్టించినం. కౌంటర్ మీది బెల్లుకు ఒక బల్బు కలిపించినం, బెల్లు నొక్కితే వెలుగుతది.

మొదటి రోజులు మంచిగేం గడవలే. మెకానిక్కులకు ఒర్రి అడుగుడు అలవాటు. ఆమె ర్యాకుల నడుమ ఉంటే ఇవతల నుంచి ఒర్రేటోళ్లు, తర్వాత యాదికొచ్చి బెల్లు నొక్కేటోళ్లు. ఒకాయన నా కాడికొచ్చి, "మాకు డంపర్లు నడవాల్నా, సైగల బడి నడవాల్నా అక్కా?" అన్నడు. ఆమె తన నోటుబుక్కుల బొమ్మలను పెద్దగ జిరాక్సు తీసి కౌంటర్ మీద అతికించింది. వాళ్లు బొమ్మ మీద వేలు పెట్టి చూపించుడు మొదలుపెట్టిండ్రు. పదిహేను దినాలల్ల, ఒర్రే ఆ మెకానిక్కే వేలు పెట్టి, ఎన్ని కావాల్నో వేళ్లు లేపి, నోరు తెరవకుండ సామాను తీసుకొని పోతుంటే చూసిన.

ఒకసారి ఆమె తప్పు చేసింది. అడిగిన సైజు ఒకటి, ఇచ్చిన సీలు ఒకటి. ఒక పంపు షిఫ్టు మొత్తం ఆగింది. ఎవరికీ తెల్వకుండ నేనే సరిచేద్దామని, రిజిస్టర్ల నా పేరు రాద్దామని లేచిన. మల్ల ఆగి, ఆమెను పిలిచి స్లిప్పు చూపించిన. ఆమె మొఖం వాడిపోయింది. ఆ రోజు అన్నం తినలే. తెల్లారి వచ్చి ఆ రెండు సీళ్ల గళ్లు ఒకదానికొకటి దూరం జరిపింది.

నెల అయింది. సార్ ఏం రాయలే, ఎవరూ అడగలే. ఆమె కౌంటర్ మీదనే ఉండిపోయింది. కిటికీ పక్కన టేబులు మీద గిప్పుడు డబ్బాలు పెడుతున్నం. ఆమె నాతోని పనికి ఎంత కావాల్నో అంత మాట్లాడేది. నాకు చాయ్ మల్ల తేలే. అడిగే మొఖం నాకు లేకుండె.

మొన్న వానకాలంల వరసగ మూడు రోజులు లేటుగ వచ్చింది. ఒకరోజు నలభై నిమిషాలు. కౌంటర్ ముంగట జనం. వేరేటోళ్లయితే రెండో రోజే మెమో ఇచ్చేదాన్ని. "పాపం, ఆ పిల్లకేం మెమో అక్కా" అన్నరు పక్కోళ్లు. ఆ పాపం అన్న మాట వినంగనే కిటికీ పక్కన టేబులు యాదికొచ్చింది. మెమో రాసి ఇచ్చిన.

ఆమె అక్కడనే నిలవడి చదివింది. కోపంతోని చెవుల దాక ఎర్రగయింది. గంట తర్వాత రెండు పేజీల జవాబు తెచ్చి నా టేబులు మీద పెట్టింది. ఆమె బస్సు మారే మంచిర్యాలల రోడ్డు పని అవుతున్నదట. మా దిక్కు వచ్చే బస్సు స్టాపు మార్చిండ్రు. మార్చిన సంగతి బస్టాండు కంట్రోలర్ మైకుల చెప్తున్నడు. ఆమె ఎక్కడ ఆగుతదో తెల్వక పాత జాగలనే నిలవడి, బస్సు అవతల నుంచి పోతుంటే చూస్తున్నది. చివరి లైను నాకు మొత్తం యాదికి ఉన్నది. "మైకు విన్నోళ్లకు బస్సు దొరికింది. నాకు మెమో దొరికింది."

నేను మెమో వాపసు తీసుకోలే. జవాబు సరిగ్గ ఉన్నదని రాసి ఫైల్ల పెట్టిన. కానీ కుర్చీల కూసోబుద్ధి కాలే. ఐదింటికి ఆమెతోనే బస్సు ఎక్కిన. ఎందుకన్నట్టు చూసింది. ఆ స్టాపు నాకు చూపియ్యి అని ఫోన్ల రాసిన. వంతెన మీద వాన దంచికొడుతున్నది, కింద నీళ్లు ఎర్రగ పోతున్నయి.

మంచిర్యాల బస్టాండుల కంట్రోలర్ మేమిద్దరం చెప్పేది విన్నడు. నేను సగం చెప్పిన, ఆమె సగం రాసి చూపించింది. ఆయన మంచోడే. "ఇంత చిన్న దానికి ముందే చెప్పొద్దా అమ్మా" అని ఆమెను అడిగి, 'మీరు ముందే రాసి పెట్టొద్దా' అని ఆమె రాసిన జవాబు చదివి తలకాయ గోక్కున్నడు. టైర్ల దుకాణం నుంచి పాత అట్టముక్క తెప్పించి, మార్కరుతోని పెద్దగ రాసిండు. గోదావరిఖని బస్సులు ఎదురు రోడ్డుల ఆగును.

ఆమె అట్ట తీసుకొని చూసింది. పక్కన ఒక బాణం గీసింది, ఎదురు రోడ్డు ఏ దిక్కో తెలిసేటట్టు. కంట్రోలర్ దాన్ని స్తంభానికి సుతిలి తాడుతోని కట్టిండు. వాన తగులకుండ కవరు చుట్టమని ఆమె సైగ చేస్తే, ఆయన కవరు కోసం లోపలికి పోయిండు.